పిడికిలి పట్టినంతకాలం

మేడమెట్ల కింద ఏముంటాయి? పాత సైకిలు, పగిలిన పూలకుండీ, రెండు మూడు ఎలుకలు. ఆ వీధిలో మాత్రం మేడమెట్ల కింద కుట్టుమిషను పెట్టుకుని మిషనక్క ఉంటుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమె నెత్తిమీదుగానే నడుస్తారు. కప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి దుకాణంలో ఒక చివర నిలబడొచ్చు, మధ్యలో కూర్చోవచ్చు, రెండో చివరకి వెళ్తే పడుకోవడం తప్ప ఏమీ కుదరదు.

"మనిషి బతుకంతా నా కొట్టులోనే ఉంది, కాస్త ఇరుగ్గా ఉందంతే," అంటుంది మిషనక్క, నోట్లో గుండుసూదులు పట్టుకుని. సూదులున్న నోటితో నవ్వడం ఆమెకి అలవాటు. పెదవులు కదలవు, కళ్లు మాత్రం నవ్వుతాయి.

నిలబడగలిగిన చివర ఒక ఆకుపచ్చ తెర. తెర వెనక బట్టలు తొడుక్కుని చూసుకునే చోటు. అక్కడ ఒక అద్దం, గోడకి ఒక మేకు, తల లేని ఒక బొమ్మ. మూతపడిన బట్టల షాపులోంచి తెచ్చుకున్న ఆ బొమ్మని మిషనక్క 'వదిన' అని పిలుస్తుంది. "ఎదురు మాట్లాడని వదిన లోకంలో ఇదొక్కతే. నోరు ఉండాల్సిన చోటే లేదు పాపం." వదిన వెనక గడియ పెట్టిన చిన్న తలుపు. తీస్తే వెనకసందు. సందులో ఇస్త్రీ తాతయ్య బండి, ఎప్పుడూ పొగమంచులో నిలబడ్డట్టు ఆవిరి మధ్యన. సందు దాటితే బస్సులు పోయే రోడ్డు.

మిషనక్క అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఆమె కుట్టింది కాలర్లు మాత్రమే. చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో వీధిలో పోయే మగవాళ్ల ఒంటిమీద చూసి తెలుసుకునేది. ఆ తర్వాత సొంత మిషను కొనుక్కుని ఈ మెట్ల కింద చేరింది. దిండు గలీబులు కుడుతుంది, స్కూలు బట్టలు కుడుతుంది, నర్సుల కోట్లు కుడుతుంది. పెళ్లిబట్టలు మాత్రం కుట్టదు. ఎవరైనా తెస్తే, "నా చేతికి రాదమ్మా, ఇంకెక్కడైనా చూసుకో," అని పంపించేస్తుంది.

చేతికి రాక కాదు. ఆ బట్ట మీదికి ఆమె చెయ్యి పోదు.

ఆమెకి పన్నెండేళ్లప్పుడు ఎవరిదో ఎర్ర గౌను తెచ్చి తొడిగారు. అది ఆమెకంటే చాలా పెద్దది. వెనకంతా గుండుసూదులు పెట్టి బిగించారు. వంగితే గుచ్చుకునేవి. జనం భోజనాల హడావుడిలో ఉండగా ఆమె పెరటి గోడ దూకి పరుగెత్తింది. ఎంత దూరం పరుగెత్తగలదు? ఎర్ర గౌను వీధి మొత్తానికీ మంటలా కనపడింది. అందరూ నవ్వారు. "పెళ్లికూతురు దారి తప్పింది రోయ్!" ఒకాయన ఎత్తుకున్నాడు. ఒకావిడ చెంగుతో మొహం తుడిచింది. కొట్టు ఆయన చల్లటి సోడా కొట్టి ఇచ్చాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎంతో ప్రేమగా తీసుకొచ్చి ఇంట్లో దింపారు.

ఆ తర్వాతి సంగతులు ఆమె ఎవరికీ చెప్పదు. తాళి కట్టిన ఆ మనిషి చచ్చిపోయిన రోజున ఆమె ఏడుస్తుందేమోనని ఇల్లంతా ఎదురుచూసింది. ఆమె జడ వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. అదంతా ఎప్పుడో అరిగిపోయింది. అరగనిది ఆ సోడా ఒక్కటే. ఇప్పటికీ వీధిలో సోడా కొట్టిన చప్పుడు వింటే గొంతులోకి పుల్లటి నీళ్లు తన్నుకొస్తాయి.

అలాంటి మిషనక్క బల్లమీద ఒకరోజు దానిమ్మగింజల రంగు పట్టుబట్ట వచ్చి పడింది. తెచ్చింది టైర్లాయన అక్క. టైర్లాయనంటే నాలుగు వీధులకీ లారీ టైర్లు అమ్మేవాడు. ఈ మేడ ఆయనదే. మెట్లు ఆయనవే. మెట్ల కింది చీకటి కూడా ఆయనదే. నలభైకి దగ్గరవాడు, భార్య పోయినవాడు. ఆయన అక్కని ఎదురుగా అందరూ అక్కగారూ అంటారు. చాటుగా ఏమంటారో వేరే సంగతి.

అక్కగారి పక్కన ఒక పిల్ల, పిల్ల వెనక పిల్ల తల్లి. పిల్లని వీధిలో అందరూ పుల్ల అంటారు. సన్నగా, పొడుగ్గా, గాలొస్తే ఊగేట్టు ఉంటుంది. పదమూడేళ్లు. వాళ్ల నాన్న టైర్లాయన దగ్గరే పంక్చర్లు వేసేవాడు, ఈమధ్యే గోడౌను తాళాలు చేతికొచ్చాయి. తాళాలెందుకు వచ్చాయో మిషనక్కకి ఆ పట్టుబట్ట చూడగానే అర్థమైంది.

"పెరిగే పిల్ల," అంది అక్కగారు. "దీని కొలతకి కుట్టకు. అదిగో, ఆ బొమ్మ కొలతకి గౌను కుట్టు. దీంట్లో పిల్ల ఎప్పుడు నిండితే అప్పుడే మా తమ్ముడితో పెళ్లి."

"ఎప్పుడు నిండితే అప్పుడా?"

"తారీకు పెడితే పదిమంది నోళ్లలో పడుతుంది. ఎవడో పుణ్యాత్ముడు ఆఫీసుకి మోస్తాడు, వాళ్లు జీపేసుకుని దిగుతారు. గౌనుకి తారీకు ఉండదుగా!" అక్కగారు తన తెలివికి తానే పొట్ట పట్టుకుని నవ్వింది. "మా అమ్మకీ ఇంతే, నాకూ ఇంతే. మా ఇంట్లో ఆడపిల్లని బట్టే చెప్తుంది."

"నేను పెళ్లిబట్టలు కుట్టనండీ."

"ఈ మెట్ల కింద ఉండవా మరి?" అక్కగారు ఎంతో మామూలుగా అడిగింది, మంచినీళ్లున్నాయా అన్నట్టు.

మిషనక్క టేపు తీసింది.

కుట్టడం అయ్యాక అక్కగారు గౌనుని పిల్లకి తొడిగించి, నడుం దగ్గర బట్టకీ పిల్లకీ మధ్య పిడికిలి దూర్చింది. పిడికిలి మొత్తం పట్టింది. ఇంకా చోటు మిగిలింది. "హూఁ, చాలా ఉంది," అంది, సంచిలో బియ్యం ఎంత ఉన్నాయో చూసినట్టు. పిడికిలి దూరనిరోజున నిండినట్టు. అదీ వాళ్లింటి లెక్క. దూర్చినంతసేపూ ఆమె కళ్లు గౌను మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా పిల్ల మొహం వైపు లేవలేదు. మిషనక్క అది చూసింది. పిల్ల ఎక్కడో, ఆ మెడ పైన ఎక్కడో, ఎవరూ రాని మేడమీద గదిలా ఒక్కతే ఉంది.

ఆ రోజు మిషనక్క అన్నం తినలేదు. సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. పట్టు రంగు చేతికంటదు. అయినా కడుక్కుంది.

కొన్ని నెలలకోసారి ఇస్త్రీకని గౌను ముందురోజే వచ్చేది, మర్నాడు పిల్లా వచ్చేది. మిగతా రోజుల్లో గౌను అక్కగారి ముందుగదిలో గోడకి వేలాడేది, కిటికీ ఎదురుగా, వచ్చినవాళ్లందరూ చూడాలని.

రెండోసారి వచ్చినప్పుడు తెర వెనక పుల్ల గుసగుసగా అంది. "మిషనక్కా, ఇది నాకెప్పటికీ సరిపోకుండా చెయ్యవా?"

మిషనక్క నోట్లో సూదులున్నాయి.

"నేను తినడం తగ్గించేశాను. అయినా పెరుగుతున్నాను అక్కా. ఈ ఎముకలకి సిగ్గు లేదు."

మిషనక్క సూదులన్నీ తీసి అరచేతిలో పోసుకుంది. పిల్ల మోచేతులు చూసింది. పెన్సిలు ముక్కల్లా ఉన్నాయి. ఆమెకి కోపం రాలేదు, జాలి కలగలేదు. అసహ్యం వేసింది. తిండి మానుకుని తనని తాను చిన్నది చేసుకునే గతి ఈ పిల్లకి పట్టించిన ప్రతి పెద్దమనిషి మీదా, వాళ్ల పొట్టల మీదా, వాళ్ల నవ్వుల మీదా అసహ్యం.

"తిను," అంది. "కడుపునిండా తిను. పెరగడం నీ పని. మిగతాది నేను చూసుకుంటాను."

పెద్ద గౌను కదా, కుట్టు లోపల చాలా బట్ట వదిలింది. అది ఇప్పుడు పనికొచ్చింది. పిల్ల వచ్చే ముందు పక్క కుట్లు విప్పేది, లోపలి బట్టలోంచి కాస్త బయటికి తీసి కొత్త కుట్టు వేసేది. పిల్ల పెరిగింది, గౌనూ పెరిగింది. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లు పెరిగినట్టు. అక్కగారు వచ్చి పిడికిలి దూర్చేది. పట్టేది. "ఏం తింటావే నువ్వు, గాలా?" అని విసుక్కునేది. పుల్ల అప్పటికి బుగ్గలు తేరి, రెండు పూటలా తింటూ, తొమ్మిదో తరగతి లెక్కలు చేస్తూ ఉండేది.

చిక్కు ఒకటి వచ్చింది. కిటికీ ఎండకి గౌను పైన వెలిసింది. లోపల దాగున్న బట్ట వెలవలేదు. కుట్టు విప్పి బయటికి తీసినప్పుడల్లా ముదురు రంగులో ఒక చార, దాని పక్కన పాత సూది బెజ్జాలు. పట్టుకి ఒకసారి పడ్డ బెజ్జం పూడదు. మిషనక్క ఆ చారల మీద సన్నటి జరీ లేసు కుట్టేసింది. ప్రతిసారీ ఇంకో వరస.

"ఊరికే వేశావా?" అంది అక్కగారు లేసు తడుముతూ.

"ఊరికేనండీ. పెళ్లికూతురు కదా."

"అదీ! ఇప్పటికి దారికొచ్చావు. పెళ్లిబట్టలు చేతికి రావన్నావు, చూడు ఎంత ముచ్చటగా వచ్చాయో."

మిషనక్క సూదులున్న నోటితో కళ్లతో నవ్వింది.

ఒకరోజు పుల్ల వాళ్లమ్మ వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. గుమ్మంలో నిలబడి కాసేపు మెట్ల వైపు చూసింది, కాసేపు నేల వైపు. తర్వాత కొంగులోంచి ఒక దారం కండె తీసి బల్లమీద పెట్టింది. దానిమ్మగింజల రంగు. "అయిపోయి ఉంటుందని," అంది. అంతే, వెళ్లిపోయింది. మిషనక్క ఆ కండెని చాలాసేపు చూస్తూ కూర్చుంది. పొగడాలో ఉమ్మాలో తెలియలేదు. ఇంత తెలిసిన మనిషి తన ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదా అనుకుంది. మాట్లాడితే గోడౌను తాళాలు ఏమవుతాయో, ఆ మనిషి వీపు ఏమవుతుందో కూడా అనుకుంది.

పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు ఒకటి ఆ ఊళ్లోనే ఉంది, బస్సులో కాసేపటి దూరం. మిషనక్క ఒకసారి వెళ్లింది. అక్కడి మేడమ్ చెడ్డదేమీ కాదు. కూర్చోమంది, ఫ్యాను తిప్పింది. "పెళ్లి ఎప్పుడు?" అని అడిగింది.

"గౌను నిండినప్పుడండీ."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "చూడమ్మా, గౌను నిండడం తారీకు కాదు. నేను వెళ్లి అడిగితే, బట్టలు కుట్టించుకుంటే కూడా నేరమా అంటారు. రేపనో ఎల్లుండనో ఒక రోజు తెలిశాక రండి, ఆ క్షణంలో బయల్దేరతాను. ఇంకోటి, పిల్ల తన నోటితో చెప్పాలి. మీ నోటి నుంచి వింటే చాలదు."

తిరుగు బస్సులో మిషనక్క కిటికీలోంచి ఉమ్మింది. తారీకు లేకపోవడమే వాళ్ల ఎత్తు. ఆ ఎత్తు ముందు ఆఫీసు కూడా చేతులు కట్టుకుని నిలబడింది. అయినా ఆ మాటలు తెర వెనక పుల్లకి పూసగుచ్చినట్టు చెప్పింది. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో, గేటు ఏ రంగో చెప్పింది. పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది.

లోపలి బట్ట అయిపోతూ వచ్చింది. బట్టకైనా ఒక అంచు ఉంటుంది.

ఒక మధ్యాహ్నం అక్కగారు స్కూలు దగ్గరే పిల్లని పట్టుకుని నేరుగా దుకాణానికి తీసుకొచ్చింది. ఒక చేతిలో గౌను, ఇంకో చేతిలో వేయించిన పల్లీల పొట్లం. ముందుగా కబురు లేదు. పుల్ల స్కూలు బట్టల మీదే గౌను తొడుక్కుంది. అక్కగారు పిడికిలి దూర్చింది. పట్టింది, కానీ లేసు కొస ఒకటి ఆమె గాజుకి తగులుకుంది. ఎన్నిసార్లు పిడికిలి రాసుకున్న చోటో, దారం నలిగిపోయి ఉంది. ఆమె లాగింది. లేసు చర్రున ఊడొచ్చింది.

కింద ముదురు చార. చార పక్కన బెజ్జాల వరస, చీమలు బారుకట్టినట్టు. దాని పక్కన ఇంకో వరస. ఇంకోటి.

మెట్లమీద ఎవరో దిగుతున్నారు. ఆ అడుగుల చప్పుడు పూర్తిగా పోయేదాకా అక్కగారు మాట్లాడలేదు.

"నేనూ గౌనులో పెరిగినదాన్నే," అంది చివరికి, మెల్లగా. "నాకు బెజ్జాలు తెలీవనుకున్నావా?"

మిషనక్క చెయ్యి ఆ బెజ్జాలని కప్పబోయింది.

"నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు మొదటి కుట్టు ఎక్కడ వేశావో అక్కడికి తీసుకురా. ఇప్పుడే, నా కళ్లముందు. ఆ కొలతకి ఈ పిల్ల ఎప్పుడో నిండిపోయింది." అక్కగారు స్టూలు లాక్కుని కూర్చుంది, పుల్ల మణికట్టు పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. "ఇవాళ సరిపోయిందా, ఎల్లుండి పొద్దున్నే. ఇంట్లోనే కానిచ్చేస్తాం. ఇక ఎవరికీ చెప్పేది లేదు."

ఎల్లుండి.

ఆ మాట దుకాణంలో కింద పడ్డ కత్తెరలా మోగింది. మిషనక్క తలెత్తింది. పుల్ల అప్పటికే ఆమె వైపు చూస్తోంది. ఇన్నాళ్లూ లేని తారీకు అక్కగారి నోట్లోంచే, పల్లీ పొట్టుతో పాటు రాలింది.

మిషనక్క పిల్ల ఒంటిమీంచి గౌను తీసి, మిషను తొక్కింది. ఇంత నిదానంగా ఆమె ఎప్పుడూ తొక్కలేదు, ఇంత తిన్నగా ఎప్పుడూ కుట్టలేదు. కుట్టు అయ్యాక లేచి తెర తీసింది. "రా, తొడుక్కో. సూదులు పెట్టి సరిచూడాలి. అక్కగారూ, మీరు కూర్చోండి, లోపల ఇద్దరికే చోటు."

"కానీ, కానీ." అక్కగారు మణికట్టు వదిలింది.

తెర పడింది. పుల్ల గౌను అందుకోబోయింది. మిషనక్క చెయ్యి పట్టుకుని ఆపింది. చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇది ముట్టుకోకు. నీ స్కూలు బట్టల్లోనే వెళ్లు. పరుగెత్తకు. పరుగెత్తితే అందరికీ దయ పుట్టుకొస్తుంది, ఎత్తుకుని తీసుకొచ్చి దింపుతారు. బడి నుంచి ఇంటికి పోతున్నట్టు నడువు. మేడమ్‌కి నీ నోటితో చెప్పు. ఏం చెప్తావు?"

"ఎల్లుండి పొద్దున," అంది పుల్ల. పెదవులు తెల్లబడ్డాయి. "అక్కా, మరి నువ్వు?"

"నాకు వదిన ఉందిలే."

గడియకి మిషనుకి వేసే నూనె ఎప్పుడో వేసి ఉంచింది. చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఒక్క ఊపు ఆవిరి లోపలికొచ్చింది, పిల్ల ఆ ఆవిరిలోకి వెళ్లిపోయింది. మిషనక్క తలుపు వేసి, గౌను ఎత్తి, తల లేని బొమ్మకి తొడగడం మొదలుపెట్టింది.

"చెయ్యెత్తు," అంది పైకి. "ఆఁ, అలా. బిగుసుకుపోకు, మామూలుగా ఉండు."

"ఏమంటోంది?" బయట్నుంచి అక్కగారు.

"ఏమంటుందండీ, సిగ్గు. నోరే పెగలట్లేదు."

"సిగ్గు మంచిదే." పల్లీ చిట్లిన చప్పుడు. "నేనైతే వాంతి చేసుకున్నాను తెలుసా? గౌను నిండిన రోజున, గౌనులోనే. మా అత్త అక్కడికక్కడే కడిగి, తడిదే మళ్లీ తొడిగింది. ఒళ్లంతా చలి! దాని కంపు పెళ్లి అయ్యేదాకా పోలేదనుకో." నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగింది, మళ్లీ అతుక్కుంది. "ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఏం, నాకేం తక్కువైంది?"

మిషనక్క చేతులు బొమ్మ భుజాలమీద ఆగిపోయాయి. తెర అవతల ఒక తడి గౌను, దాంట్లో ఒక పిల్ల, ఆ పిల్లని మింగి కూర్చున్న ఈ లావుపాటి మనిషి. ఒక్క క్షణం ఆమె కోసం ఏదో కలగబోయింది. కానీ అదే మనిషి ఇంకో పిల్లకి అలాంటి గౌనే తెచ్చిందన్నది గుర్తొచ్చి, ఆ కలగబోయినది గొంతులోనే పులిసిపోయింది.

"అటు తిరుగు," అంది బొమ్మతో. "వెనక హుక్కులు పెడతాను. కదలకు తల్లీ, గుచ్చుకుంటుంది... అబ్బ, చెప్తే వినాలి... ఇంకో సూది..."

అలా ఎంతసేపు మాట్లాడిందో. భుజం బాగుందంది. చెయ్యి పొడుగైందంది. ఒక హుక్కు విప్పి మళ్లీ పెట్టింది. రోడ్డుమీద బస్సు ఒకటి ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినపడింది. ఇంకొకటి కూడా వచ్చి పోనీ, అనుకుంది. బొమ్మకి అద్దంలో చూసుకోమంది. ఏడవొద్దంది. ఎవరూ లేని గౌనుతో ఏడవొద్దని చెప్తుంటే, ఆ గౌనులో ఎప్పటిదో ఒక పన్నెండేళ్ల పిల్ల నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"ఏంటమ్మా ఇంతసేపు, బిడ్డని కంటున్నారా లోపల?" అక్కగారు పొట్టు దులుపుకుని లేచింది. తెర పక్కకి లాగింది.

ఆమె కళ్లు ఎప్పటిలాగే గౌను మీదికే పోయాయి. ఎప్పటిలాగే నడుం దగ్గరికి పిడికిలి పోయింది. బట్టకీ ఒంటికీ మధ్య దూర్చింది. దూరలేదు. మళ్లీ దూర్చింది. గోరు కూడా పట్టలేదు.

"నిండింది!" అంది సంబరంగా. "చూశావా, నే చెప్పలే?"

అప్పుడు, మొట్టమొదటిసారిగా, మొహం కోసం తలెత్తింది.

మొహం ఉండాల్సిన చోట గోడ ఉంది. గోడకి మేకు ఉంది.

ఆ తర్వాతిది వీధంతా విన్నదే. చెంపదెబ్బ మెట్లెక్కి మూడో అంతస్తు దాకా వినపడిందంటారు. టైర్లాయన మనుషులు వెనకసందులో ఇస్త్రీ తాతయ్యని నిలదీశారు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ, "ఆవిరి బాబూ, ఆవిరి. నా పెళ్లాం ఎదురుగా పోయినా కనపడదు. అదే నా కాపురం నిలబెట్టింది," అన్నాడు. సాయంత్రానికి జీపు వచ్చింది. మేడమ్ మాట నిలబెట్టుకుంది. పుల్ల జీపు దిగలేదు, లోపలే కూర్చుంది, స్కూలు సంచి ఒళ్లో పెట్టుకుని.

టైర్లాయన కాగితం మీద రాసిచ్చాడు, పిల్లకి వయసొచ్చేదాకా ఆ మాట ఎత్తనని. పార్సిలు అందిందని సంతకం పెట్టినంత తేలిగ్గా పెట్టాడు. ఆ పెన్ను జేబులో పెట్టుకోబోతే కానిస్టేబులు తనదని అడిగి తీసుకున్నాడు. అంతే. ఆ రోజు ఆయనకి జరిగిన నష్టం అదొక్కటే. అప్పుడే చెయ్యి కడుక్కున్నట్టు అరచేతులు రుద్దుకుంటూ తన టైర్ల దుకాణంలోకి వెళ్లి, లారీవాడికి టైర్లు చూపించడం మొదలుపెట్టాడు. ఎవరూ ఆయన వైపు అదోలా చూడలేదు. లారీవాడు నమస్కారం కూడా పెట్టాడు.

మర్నాడు మిషనక్క మిషనుని రోడ్డుమీద పడేశారు. వదినని కూడా. వీధిలో ఒకరిద్దరు ఆగి, "ఎందుకమ్మా నీకు ఊళ్లోవాళ్ల గొడవ, హాయిగా కుట్టుకోక," అని మంచిమాటలు చెప్పారు. ఆ మంచిమాటలు వింటుంటే ఆమెకి సోడా వాసన వచ్చింది.

పుల్ల ఆడపిల్లల హాస్టల్లో ఉంది. వాళ్ల నాన్న చేతిలోంచి తాళాలు పోయాయి, మళ్లీ పంక్చర్లే. వాళ్లమ్మ ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. కానీ ఇస్త్రీ బండి మీద అప్పుడప్పుడూ ఒక చిన్న మూట ఉంటుంది, హాస్టల్‌కి చేర్చమని. ఎవరు పెట్టారంటే తాతయ్య ఆవిరి అంటాడు.

మిషనక్క కొత్త చోటు రోడ్డు అవతల, ఒక రేకుల షెడ్డులో సగం. అంతకంటే చవకైనవి, గాలి వచ్చేవి చూపించారు. ఆమె వద్దంది. ఈ షెడ్డుకి వెనక తలుపుంది. తలుపు తీస్తే ఎదురుగానే బస్సు ఆగుతుంది. ఆకుపచ్చ తెర అక్కడే కట్టింది.

చలిగాలులు మొదలైన రోజుల్లో ఒక ముసలావిడ వచ్చింది. ఊరి ఆ చివరనుంచట. చంకలో మూట, చెయ్యి పట్టుకుని ఒక పిల్ల. పిల్ల ముక్కు కారుతోంది. చేత్తో తుడుచుకుని ఒంటిమీది పాత గౌనుకి రాసుకుంది.

"మనవరాలమ్మా. మంచి సంబంధం వచ్చింది, అంతా వాళ్లే పెట్టుకుంటున్నారు. ఈ బట్ట కూడా వాళ్లే ఇచ్చారు, మంచి పట్టు, పారేసుకోవడం ఎందుకని. కాస్త చిన్నది చెయ్యాలట. లోపలికి మడిచి కుట్టు, కోసెయ్యకు. పెరిగే పిల్ల కదా."

మూట విప్పింది. దానిమ్మగింజల రంగు, ఎండకి వెలిసి. లోపలివైపు తిరగబడ్డ నడుం పక్కన ఊడిపోయిన జరీ లేసు, దాని కింద మూడు వరసల బెజ్జాలు.

మిషనక్క గౌను చేతిలోకి తీసుకోలేదు. కొట్టులో ఉన్న గాలంతా ఎవరో ఒకసారి నమిలి ఉమ్మినట్టు అనిపించింది. చేతులు వెతుక్కుని గుండుసూదుల డబ్బా తీశాయి. సూదులు ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుంది, మాట బయటికి రాకుండా.

తర్వాత వాటన్నిటినీ తీసేసింది.

"కొలత తియ్యాలి," అంది ముసలావిడతో. "మీరిక్కడ కూర్చోండి పెద్దమ్మా. లోపల ఇద్దరికే చోటు. కాస్త ఆలస్యమవుతుంది."

పిల్లని తెర వెనక్కి తీసుకెళ్లింది. మోకాళ్లమీద కూర్చుంది, మొహం మొహానికి ఎదురుగా వచ్చేలా. కొంగుతో ఆ ముక్కు తుడిచింది. ఆ మొహాన్ని పూర్తిగా, తీరిగ్గా చూసింది.

"ముందు నీ పేరు చెప్పు," అంది మెల్లగా. "తర్వాత ఇది చెప్పు. నీకు ఒక్కదానివే బస్సెక్కడం వచ్చా?"